సున్నం సిస్టర్ గీసిన గీత

సున్నం సిస్టర్‌కి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది, మఠంలో చేరాక ఇచ్చిన పేరు ఇంకొకటి ఉంది. సమాధి రాయి చెక్కించే రోజు దాకా ఆ రెండిటితోనూ ఎవరికీ పనిపడేలా లేదు. ఆ ఆడపిల్లల కాన్వెంటు బడిలో, దాని వెనకున్న హాస్టల్లో, పిల్లలకీ టీచర్లకీ పాలు పోసేవాడికీ కూడా ఆవిడ సున్నం సిస్టరే. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అంత గుండె ఆ ఆవరణలో ఒక్క మరియమాత విగ్రహానికే ఉంది, ఆ తల్లేమో మాట్లాడదు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే బడి తెరిచే రోజు సంగతి చెప్పాలి. సెలవులు ముగిసి కొత్త టర్ము మొదలయ్యే రోజు, పొద్దున్నే చాపెల్లో పూజ కాగానే సిస్టర్ తిన్నగా సామాన్ల గదికి వెళ్తుంది. అక్కడొక పాత పాలపొడి డబ్బా ఉంటుంది. దాని అడుగున మేకుతో పొడిచిన చిల్లులుంటాయి. అందులో సున్నపు పొడి నింపుకుని, నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, మరియమాత విగ్రహం దగ్గర మొదలుపెట్టి ఆఫీసు మెట్ల దాకా ముంగిలికి అడ్డంగా ఒక తెల్లటి గీత గీస్తుంది. పరుగు పందేలకు మైదానంలో గీసే గీతలు కూడా అంత తిన్నగా ఉండవు. ఇవతల తల్లిదండ్రులు, అవతల హాస్టలు. పిల్ల దాటాలి, పిల్ల పెట్టె దాటాలి. కన్నవాళ్ళు బొటనవేలు కూడా దాటించడానికి వీల్లేదు.

ఇక స్వాగతం అంటారా, ఆవిడ స్వాగతం మూడు ముక్కలు. గీతకు అవతల చేతులు కట్టుకుని నిలబడి, పిల్ల వంక చూసి అంటుంది.

“రా. పెట్టె పట్టుకో. వెనక్కి చూడకు.”

ఆ తర్వాత తల్లి వంక చూసి, “మీరు కూడా,” అంటుంది.

అంతే. ఊరంతా గడగడలాడే పోలీసు అధికారి ఒకాయన తన కూతుర్ని దిగబెట్టడానికి వచ్చి, ఆ గీత ముందు టోపీ తీసి చంకలో పెట్టుకుని, “ఒక్క నిమిషం లోపలికి రావచ్చా సిస్టర్?” అని నీళ్ళు నమిలాడు. “రాకూడదు,” అంది సిస్టర్. ఆయన సెల్యూట్ కొట్టబోయి ఆఖరి క్షణంలో తమాయించుకున్నాడని వాచ్‌మన్ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

ఆవిడకు మనసు లేదని తల్లులు గేటు బయట చెప్పుకునేవాళ్ళు. పెళ్ళీ పిల్లలూ ఉంటే తెలిసేదని పెదవి విరిచేవాళ్ళు. సిస్టర్ చెవిన పడేది, పడనట్టే ఉండేది. మనసు లేకపోవడం కాదు. ఆవిడా ఏడేళ్ళప్పుడు ఈ గేటులోంచే లోపలికి వచ్చింది. వడ్రంగి పని చేసే తండ్రి పోయాక, కనీసం పిల్లయినా కడుపు నిండా తింటుందని తల్లి తెచ్చి ఈ హాస్టల్లో చేర్చింది. అప్పట్లో గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. తల్లి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగొచ్చింది. దువ్వెన ఇవ్వడం మర్చిపోయానంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిరుమాలు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఊరికే గేటు దగ్గర నిలబడింది. వచ్చిన ప్రతిసారీ పిల్ల తనను తీసుకెళ్ళడానికే వచ్చిందనుకుని పెట్టె పట్టుకుని పరుగెత్తింది. మూడోసారి గేటు ఊచల నుంచి ఆ పిల్ల వేళ్ళు విడదీయడానికి ఇద్దరు సిస్టర్లు కావలసి వచ్చారు. ఆ రోజు నుంచి ఆవిడకు తల్లి మీద కోపం. వదిలేసి వెళ్ళినందుకు కాదు, తిరిగి తిరిగి వచ్చినందుకు. పెద్దయి, మఠంలో చేరి, హాస్టల్ బాధ్యత చేతికొచ్చిన మొదటి ఏడాదే ఆ డబ్బాకు చిల్లులు పొడిచింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అలా ఎన్ని ఏళ్ళు గడిచాయో ఆవిడ మోకాళ్ళకు తెలుసు. ఈమధ్య వంగితే లేవడం, లేస్తే వంగడం కష్టమైపోయింది. సంగతి మఠాలన్నిటికీ పైనుండే పెద్ద మదర్ చెవిన పడింది. ఆవిడ ఒకరోజు ఫోన్ చేసి మెత్తగా విషయం చెప్పింది.

“ఇక విశ్రాంతి మఠానికి వచ్చేయండి సిస్టర్. తోట ఉంది, డాక్టరు వస్తాడు, మీ వయసు వాళ్ళు బోలెడుమంది ఉన్నారు.”

“నాకింకా పని ఉంది మదర్.”

“మీరు లేకపోతే హాస్టల్ నడవదని మీ ప్రిన్సిపాల్ నాతో అంటే, సరే, ఉండండి. బడి తెరిచే రోజు నేనే వస్తాను. అనకపోతే సాయంత్రం నా కారులోనే వెళ్దాం.”

విశ్రాంతి మఠం ఎలా ఉంటుందో సిస్టర్ ఒకసారి చూసింది. ముసలి సిస్టర్లంతా ఎండలో కుర్చీలు వేసుకుని ఒకరి రోగాలు ఒకరికి చెప్పుకుంటూ ఉంటారు. మధ్యలో ఒకరు కునుకు తీస్తే పక్కావిడ కథ మళ్ళీ మొదటి నుంచీ అందుకుంటుంది. ఆ కుర్చీల్లో ఒక ఖాళీ కుర్చీ కూడా కనిపించింది. అప్పటి నుంచీ ఆవిడకు అన్నం సయించడం లేదు. ప్రిన్సిపాల్ నోటి నుంచి ఒక్క మాట రావాలి. అదెలా వస్తుంది?

కొత్త ప్రిన్సిపాల్ కూడా సిస్టరే. పైగా ఒకప్పుడు ఈ హాస్టల్లో పెరిగిన పిల్లే. చిన్నప్పుడు అయినదానికీ కానిదానికీ ఏడ్చేదని తోటి పిల్లలు ‘కుళాయి’ అని పిలిచేవాళ్ళు. ఆ కళ్ళు తుడిచి తుడిచి అప్పట్లో చీర కట్టే మన సిస్టర్ పైట చెంగు ఎన్నిసార్లు తడిసిందో లెక్కలేదు. ఇప్పుడా కుళాయి పెద్ద చదువులు చదివి, ఎక్కడెక్కడో శిక్షణలు పొంది, కళ్ళజోడు పెట్టుకుని ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుంది. సిస్టర్ కూడా ‘నువ్వు’ మానేసి ‘మీరు’ అలవాటు చేసుకుంది. ఒళ్ళు మండినప్పుడు మాత్రం మర్చిపోతుంది.

బడి తెరవడానికి ముందు రోజు ప్రిన్సిపాల్ పిలిచి కూర్చోబెట్టింది.

“ఈ ఏడాది గీత వద్దు సిస్టర్.”

“మరి?”

“తల్లిదండ్రుల్ని లోపలికి రానిద్దాం. పిల్ల ఎక్కడ పడుకుంటుందో, ఎక్కడ తింటుందో వాళ్ళనే చూసుకోనిద్దాం. టీ, బిస్కెట్లు ఇద్దాం. పెద్ద క్లాసు పిల్లలు స్వాగతం పాట పాడతారు. తీరిగ్గా వీడ్కోలు చెప్పుకుని వెళ్తారు.”

“తీరిగ్గా,” అంది సిస్టర్.

“అవును. వాళ్ళు మన అతిథులు కదా.”

“అతిథులైతే వెళ్ళిపోతారు అమ్మాయ్. వాళ్ళు తల్లులు.”

ప్రిన్సిపాల్ నవ్వేసింది. సిస్టర్‌కి టీ బల్ల అప్పగించింది. కాస్త నవ్వుతూ ఉండమని కూడా చెప్పింది. “మీ ఇష్టం,” అంది సిస్టర్. ఆ ‘మీ ఇష్టం’ అర్థం హాస్టల్లో మూడో క్లాసు పిల్లకు కూడా తెలుసు.

ఆ సాయంత్రం చాపెల్లో మోకరించి, ఎప్పటికన్నా ఎక్కువసేపు ప్రార్థించింది. “నీ చిత్తమే జరగాలి తల్లీ. కాకపోతే రేపటి టీ కార్యక్రమం ఎలా జరగాలో కూడా కాస్త నువ్వే చూసుకో.” ఇందులో పాపం ఉందా లేదా అని ఆవిడకే అనుమానం వచ్చింది. శనివారం పాపసంకీర్తనంలో ఫాదర్‌కి చెప్పాలా అని ఆలోచించి, ముందు ఫలితం చూద్దాంలే అని వాయిదా వేసింది.

తెల్లవారింది. మరియమాతకు పూలు పెట్టారు, గేటుకు రంగు కాగితాలు కట్టారు. పెద్ద మదర్ పొద్దున్నే దిగి మేడ మీద అతిథుల గదిలో కిటికీ పక్కన కూర్చుంది. కార్లు, ఆటోలు, పెట్టెలు, పరుపుచుట్టలతో కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. గీత ఉండాల్సిన చోట గీత లేకపోవడం చూసి పాత తల్లులు కాసేపు అక్కడే ఆగిపోయారు. ప్రిన్సిపాల్ రెండు చేతులూ చాచి, “రండి, లోపలికి రండి, ఇది మీ ఇల్లే,” అంది.

మీ ఇల్లే అంటే నమ్మే జనం ఉంటారని ఆవిడకు ఏ శిక్షణలోనూ చెప్పినట్టు లేదు.

ముందు పాట. పెద్ద క్లాసు పిల్లలు మెట్ల మీద నిలబడి, అమ్మ ఒడి విడిచి వచ్చిన చిట్టితల్లికి ఈ బడే ఒడి అని మెల్లగా అందుకున్నారు. రెండో చరణం సగంలో ఒక తల్లి ముక్కు చీదింది. ఆమెను చూసి ఆమె కూతురు, కూతుర్ని చూసి పక్క పిల్ల. నాలుగో చరణానికి పాడే పిల్లలే బావురుమన్నారు. పాపం, వాళ్ళనీ గంట క్రితమే దిగబెట్టి వెళ్ళారు. హార్మోనియం టీచరు ఒక్కతే ముగింపు దాకా వాయించి, తర్వాత ఆవిడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

తర్వాత హాస్టల్ చూడటం. చూసి వచ్చేస్తారనుకున్నారు. తండ్రులు మంచాలు ఊపి చూశారు. ఒకాయన స్క్రూడ్రైవర్ కోసం కారు దగ్గరికి పరుగెత్తాడు. ఫ్యాను కింద మంచం కోసం ఇద్దరు తల్లులు మొదట మర్యాదగా, తర్వాత అంత మర్యాదగా కాకుండా మాట్లాడుకున్నారు. మనవరాలి పరుపు మెత్తగా ఉందో లేదో చూస్తానని ఒక నాయనమ్మ ఒరిగింది. ఒరిగిన మనిషి ఒరిగినట్టే గుర్రు పెట్టింది. లేపితే పాపమని కొడుకూ కోడలూ చెరో పక్కన కూర్చుని విసురుతున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ కొట్టారు. ఇంకో విడత టీ వస్తుందేమో అనుకున్నారు. కదిలిన వాళ్ళు కూడా గేటు దాకా వెళ్ళి, పిల్ల ఏడుపు వినబడి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముద్దులు పెట్టి, మళ్ళీ వెళ్ళారు. ఒక పిల్ల ఎప్పుడో చడీచప్పుడు లేకుండా వెళ్ళి కారు వెనక సీటు కింద పడుకుంది. దాన్ని వెతకడానికి ఇరవై కుటుంబాలు బయల్దేరాయి.

టీ బల్ల దగ్గర సున్నం సిస్టర్ మాత్రం నవ్వుతోంది. అప్పగించిన పని కదా. ఆ నవ్వు చూసి పాత తల్లులకు మామూలు కన్నా ఎక్కువ భయం వేసింది. కానీ తిరిగి తిరిగి వస్తున్న తల్లుల్ని, ప్రతిసారీ ఆశగా లేచి పరుగెత్తే పిల్లల్ని చూస్తుంటే లోపలెక్కడో కలుక్కుమంటూనే ఉంది. ఎవరి పిల్లలైతేనేం, ఆ పరుగు ఆవిడకు తెలిసిన పరుగే. తను కోరుకున్నది ఇదేనా అనిపించి, పోసే టీ సాసరులోకి పోసింది.

ఎండ వాలుతుండగా ప్రిన్సిపాల్ వచ్చింది. కళ్ళజోడు పక్కకు జరిగింది, గొంతు బొంగురుపోయింది.

“సిస్టర్, ఏదో ఒకటి చేయండి.”

“నేనేం చేస్తాను, టీ దగ్గరున్నాను కదా. చక్కెర వేయమంటారా?”

“మీకు దండం పెడతాను. మీరు లేకపోతే ఈ హాస్టల్ నడవదు.”

సిస్టర్ చేతిలో గరిటె ఆగింది. మేడ మీద కిటికీ వంక చూసింది. కిటికీ మూసి ఉంది.

“ఆ మాట కాస్త గట్టిగా అను.”

“ముందు వీళ్ళని పంపించండి. మైకులో అంటాను.”

“మాట తప్పకు మరి,” అంటూ సిస్టర్ నడుముకు కట్టిన తువ్వాలు విప్పేసి సామాన్ల గదికి నడిచింది. మోకాళ్ళ నొప్పి ఆ కాసేపు ఎక్కడికి పోయిందో తెలియదు.

డబ్బాతో వచ్చింది. మరియమాత దగ్గర మొదలుపెట్టింది. ముంగిట్లో మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సున్నం జలజలా రాలుతోంది. వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ ఆఫీసు మెట్ల దాకా వచ్చి, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుంది. ఇక చూడండి అన్నట్టు అందరి వంకా చూసింది.

“అయ్యో, గీత,” అంది ఒక తల్లి. ఆమె పేరున్న లాయరు. కోర్టులో ఆమె లేచి నిలబడితే అవతలి వాళ్ళకు ముచ్చెమటలు పోస్తాయంటారు. ఇప్పుడు చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తుకొచ్చింది. “అదే గీతే. ఇలా రండే, మన గీత.”

నాలుగు దిక్కుల నుంచీ ఒకప్పటి హాస్టల్ పిల్లలంతా వచ్చిపడ్డారు. ఇప్పుడు వాళ్ళే తల్లులు. ఫోన్లు బయటికొచ్చాయి. ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పెట్టి ఒకరు, కూతురితో చెయ్యి కలిపి ఒకరు, సిస్టర్ భుజం మీద చెయ్యి వేసి ఒకరు ఫొటోలు దిగారు. ఆ భుజం మీద ఆ విధంగా ఎవరూ చెయ్యి వేసి ఎరగరు.

“సిస్టర్, ఆ మాట ఒక్కసారి అనరా? వీడియో తీసుకుంటాను.”

“ఏ మాట?”

“అదే, వెనక్కి చూడకు.”

సిస్టర్ కళ్ళెర్రజేసి, చిన్న పిల్లలు తడుపుకునేంత గట్టిగా, “వెనక్కి చూడకు,” అంది. అందరూ పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. లాయరమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది. “మొదటి కేసు ఓడిపోయిన రోజు ఈ మాటే అనుకున్నాను సిస్టర్. ఇంట్లో గొడవై బయటికొచ్చిన రోజు కూడా,” అంది. సిస్టర్‌కి ఎన్నేళ్ళుగానో వీళ్ళు తనను చూసి భయపడుతున్నారని నమ్మకంగా ఉంది. భయం కాదట. ఎప్పటి నుంచి కాదో తనకొక్కదానికే తెలియలేదు.

ఏదైతేనేం, పని జరిగింది. ఫొటో దిగిన ప్రతి తల్లీ కూతుర్ని గీత దాటించి, పెట్టె అందించి, “వెనక్కి చూడకూడదు, మా సిస్టర్ ఊరుకోదు,” అని గర్వంగా చెప్పి వెళ్ళిపోయింది. వాళ్ళను చూసి కొత్తవాళ్ళూ అదే పద్ధతి కాబోలనుకుని వరస కట్టారు. నాయనమ్మను లేపారు. కారులో పిల్లను దించారు. పొద్దు గుంకకముందే ముంగిలి దాదాపు ఖాళీ అయింది.

పెద్ద మదర్ మెట్లు దిగి వచ్చింది. అంతా కిటికీ అద్దంలోంచి చూసిందట. సిస్టర్ చేతుల సున్నం దులుపుకుని, ప్రిన్సిపాల్ వంక చూసింది. ప్రిన్సిపాల్ మాట తప్పే మనిషి కాదు. మైకు అందుకుంది.

“ఈ రోజు నాకో సంగతి తెలిసొచ్చింది. ఈ గీత లేకపోతే మన హాస్టల్ లేదు.”

పిల్లలూ టీచర్లూ చప్పట్లు కొట్టారు. తర్వాతి వాక్యం కోసం సిస్టర్ ఎదురుచూసింది. తర్వాతి వాక్యంలో ప్రిన్సిపాల్ పాటల బృందానికి కృతజ్ఞతలు చెప్పింది.

“ఇంత విలువైన గీతను ఏటేటా సున్నంతో గీయడమేమిటి?” అంది పెద్ద మదర్. “గాలికి పోతుంది, వానకు పోతుంది. శాశ్వతంగా ఉండాలి.”

వెళ్ళకుండా మిగిలిన తండ్రుల్లో ఒకాయనకు పెయింట్ల దుకాణం ఉంది. అంతవరకూ తనెందుకు ఆగాడో తెలియని ఆయన, అందుకే ఆగాననుకుని, ఫోన్ తీసి మనిషిని పిలిపించాడు. సున్నపు గీత మీదే, అంగుళం అటూ ఇటూ కాకుండా, తెల్లటి పెయింటు పడింది. ఏ ఎండకూ ఏ వానకూ చెక్కుచెదరదని హామీ ఇచ్చాడు.

“మరీ మంచిది,” అంది పెద్ద మదర్, సిస్టర్ చెయ్యి పట్టుకుని. “పాపం, మీ మోకాళ్ళకు ఇక ఆ వంగే పని కూడా తప్పింది.”

ప్రిన్సిపాల్‌కి అప్పుడు వెలిగింది. మొహం పాలిపోయింది. “మదర్, నేనన్నది సిస్టర్ గురించి...” అని ఏదో అనబోయింది.

“ఊరుకో అమ్మాయ్,” అంది సిస్టర్. “మైకు కట్టేయి, కరెంటు దండగ.”

ఆవిడ సామానంతా ఒక రేకు పెట్టె. హాస్టల్ పిల్లల పెట్టెల సైజే. అందులో రెండు అంగీలు, ఒక జపమాల, ఒక ప్రార్థన పుస్తకం, ఒక దువ్వెన. పిల్లలంతా గీతకు లోపలివైపు బారుగా నిలబడ్డారు. ప్రిన్సిపాల్ కుళాయి విప్పినట్టే ఏడుస్తోంది. సిస్టర్ అలవాటు కొద్దీ పైట చెంగు కోసం తడుముకుని, ఈ అంగీకి పైట లేదని గుర్తొచ్చి, చేత్తోనే తుడిచింది.

“అమ్మా, తడి ఆరలేదు, చూసుకుని దాటండి,” అన్నాడు పెయింటరు.

ఆవిడ అంగీ కాస్త ఎత్తిపట్టుకుని జాగ్రత్తగా దాటింది. అవతలి వైపు నుంచి చూస్తే అంత వెడల్పు గీత కాదు. ఒక్క అడుగు.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, పిల్లల ముందు ధైర్యంగా ఉండాలనుకుని, “సిస్టర్ మనకేం నేర్పారు?” అంది. “వెనక్కి చూడకూడదు,” అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో. అందరూ హాస్టల్ వైపు తిరిగి, వరసగా మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. ఈ రోజే చేరిన చిన్న పిల్ల కూడా చక్కగా తల నిటారుగా పెట్టుకుని వెళ్ళింది.

ఇదంతా సిస్టర్‌కి ఎలా తెలుసంటే, ఆవిడ కారు అద్దం దించి వెనక్కి తిరిగి చూస్తోంది. చివరి పిల్ల చివరి మెట్టెక్కే దాకా చూసింది. ఒక్క తల కూడా తిరగలేదు. ఇంతమందికి ఇంత బాగా నేర్పినందుకు సంతోషపడాలని ప్రయత్నించింది గానీ కుదరలేదు. ఏడేళ్ళప్పటి నుంచి దాచుకున్న కోపం ఒకటి లోపల వెతికితే దొరకలేదు.

కారు గేటు దాటి రోడ్డెక్కబోతోంది.

“ఆపు నాయనా,” అంది సిస్టర్.

“ఏమైంది?” అంది పక్కనున్న పెద్ద మదర్.

“దువ్వెన మర్చిపోయాను. ఇప్పుడే వస్తాను.”

ముసుగు కిందున్న ఆ నాలుగు వెంట్రుకలకు దువ్వెనెందుకని పెద్ద మదర్ అడగలేదు. సిస్టర్ అప్పటికే తలుపు తీసుకుని దిగిపోయింది. పెట్టె కారులోనే ఉంది, దువ్వెన పెట్టెలోనే ఉంది.